కొండల్లో చేతి జీపీఎస్: యంత్రాన్ని అనుమానించే ముందు సరిచూడవలసినవి

మీరు అడిగినదాన్ని క్లుప్తంగా మళ్ళీ చెప్పి మొదలుపెడతాను. గుంటూరు నుంచి మీరు నలుగురు మిత్రులు కొండపల్లి కోట వెనుక కొండల్లో ఒక రోజు నడవాలనుకుంటున్నారు. అందుకని బొత్తాలతో పనిచేసే చేతి జీపీఎస్ రిసీవర్ కొన్నారు. పాత టోపోషీటు, అంటే కొండలూ వాగులూ ఎత్తులూ చూపే సర్వే పటం, చూసి అందులో ఎక్కించిన గుర్తులు నేల మీద రెండు వందల మీటర్లు పక్కకు పడుతున్నాయి. ఒకచోట నిలబడితే బాణం గుర్తు నిలకడ లేకుండా తిరుగుతోంది. ఫోను ఉండగా ఇదెందుకని ఇంట్లో అంటున్నారు, ఊళ్ళో మిర్చి పొలం కొలవడానికి పనికొస్తుందా అని మీ నాన్నగారు అడుగుతున్నారు. యంత్రంలోనే లోపం ఉందేమో, వాపసు ఇచ్చేయాలా అన్నది మీ అసలు ప్రశ్న. ఇవ్వవద్దు. మీరు చెప్పిన రెండు లక్షణాలూ నిక్షేపంగా పనిచేసే యంత్రంలో కూడా కనిపిస్తాయి. కృష్ణా, గుంటూరు, పల్నాడు కొండల్లో ఇలాంటి యంత్రాలు పట్టుకుని ఏళ్ళ తరబడి తిరిగిన అనుభవంతో చెబుతున్నాను: వీటితో వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం ఆకాశంలో పుట్టేవి కావు, బయలుదేరే ముందు ఇంట్లో చూసుకోవలసిన సెట్టింగుల దగ్గర పుట్టేవే.

ముందు ఆ రెండు వందల మీటర్ల సంగతి. అక్షాంశ రేఖాంశాల అంకెలు వాటంతట అవే ఒక చోటును నిర్ణయించవు. భూమి ఆకారాన్నీ కేంద్రాన్నీ ఏ లెక్కలో తీసుకున్నామన్నదాన్ని బట్టి అవే అంకెలు వేర్వేరు చోట్ల పడతాయి. ఆ లెక్కకే డేటమ్ అని పేరు. సర్వే ఆఫ్ ఇండియా వారి పాత టోపోషీట్లు జార్జ్ ఎవరెస్ట్ 1830లో కట్టిన భూమి కొలతల ఆధారంగా గీసినవి. జీపీఎస్ ఉపగ్రహాలు వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే లెక్క. ఒకే ఇంటికి పాత డోర్ నంబరూ కొత్త డోర్ నంబరూ ఉన్నట్టే ఇదీను, రెండూ సరైనవే, కానీ పాత నంబరు పట్టుకుని కొత్త వరుసలో వెతికితే వేరే ఇంటి ముందు నిలబడతాం. భారత్, నేపాల్ ప్రాంతానికి ప్రచురితమైన మార్పిడి విలువలతో విజయవాడ దగ్గర లెక్క కట్టి చూస్తే, రెండు డేటమ్‌ల మధ్య తేడా ఉత్తర దక్షిణాలుగా సుమారు 125 మీటర్లు, తూర్పు పడమరలుగా సుమారు 170 మీటర్లు వస్తుంది. అంటే పాత పటంలోని అంకెలను మార్చకుండా యంత్రంలో ఎక్కిస్తే, అది మిమ్మల్ని అసలు చోటుకు ఆగ్నేయంగా, 200 మీటర్ల పైచిలుకు దూరంలో నిలబెడుతుంది. మీకు వచ్చిన తేడా కూడా ఆగ్నేయం వైపే ఉందేమో ఒకసారి చూడండి. ప్రతి గుర్తూ అదే దిక్కుకు, అంతే దూరం జరిగి ఉంటే కారణం ఇదేనని నిశ్చయించుకోవచ్చు. ఉపగ్రహాల వల్ల వచ్చే దోషం ఇలా ఒకే వైపుకు కట్టుగా ఉండదు, ఒక్కోసారి ఒక్కో వైపుకు పోతుంది.

దీనికి రెండు దారులున్నాయి. పాత టోపోషీటే వాడదలిస్తే, యంత్రంలో పొజిషన్ ఫార్మాట్ పేజీకి వెళ్ళి మ్యాప్ డేటమ్‌ను భారత్, నేపాల్‌లకు చెందిన ఇండియన్ డేటమ్‌గా మార్చి, ఆ తరువాతే అంకెలు ఎక్కించాలి. ఆ పేరు జాబితాలో లేకపోతే యూజర్ డేటమ్ అనే చోట డీఎక్స్ 295, డీవై 736, డీజడ్ 257, డీఏ 835.757, డీఎఫ్ 0.28361368 అని ఇవ్వవచ్చు. పని కాగానే తిరిగి డబ్ల్యూజీఎస్ 84కు మార్చడం మరచిపోకూడదు, లేకపోతే మిత్రుడి ఫోను నుంచి చెప్పించుకున్న అంకెలు ఈసారి ఎదురు దిక్కుకు తప్పుతాయి. ఇంతకంటే నేను గట్టిగా సూచించేది రెండో దారి. 2005 నాటి జాతీయ పటాల విధానం తరువాత సర్వే ఆఫ్ ఇండియా పౌరుల కోసం ప్రచురిస్తున్న ఓపెన్ సిరీస్ పటాలు డబ్ల్యూజీఎస్ 84 మీదే గీసినవి, ఆ సంస్థ సొంత వెబ్‌సైటులోనే దొరుకుతాయి. పాత వరుసలో 65డి అనే నంబరు పటాల కింద వచ్చే ప్రాంతమంతా, అంటే విజయవాడ, గుంటూరు, కొండపల్లి, కొండవీడు అన్నీ, కొత్త పటాల్లో చూసుకోవచ్చు. ఆ పటం ఉంటే డేటమ్ గొడవే లేదు.

డేటమ్ కంటే ఎక్కువ మందిని దారి తప్పించేది అంకెలు రాసే పద్ధతి. గుంటూరు నగరం ఉజ్జాయింపుగా 16.3067 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.4365 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఇవి దశాంశ డిగ్రీలు. చేతి యంత్రాలు మాత్రం సాధారణంగా డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో దశాంశాలు అనే పద్ధతిలో అమర్చి వస్తాయి. ఎవరో ఫోనులో చదివి చెప్పిన అంకెలను అలాగే వరుసగా నొక్కుకుంటూ పోతే అవి 16 డిగ్రీల 30.67 నిమిషాలు, 80 డిగ్రీల 43.65 నిమిషాలు అవుతాయి. ఆ చోటు గుంటూరు కాదు, విజయవాడ తూర్పు శివార్లలో గన్నవరం వెళ్ళే దారి చాయల ఉంటుంది, గుంటూరుకు నేరుగా 38 కిలోమీటర్ల దూరం. ఇంత పెద్ద తేడా అయితే తెర మీద కనిపించి పట్టుబడుతుంది. నిమిషాలు, సెకన్లు కలిసిపోయి వచ్చే అర కిలోమీటరు తేడా మాత్రం కనిపించదు, కొండల్లో ప్రమాదకరమైనది అదే. కాబట్టి మీ నలుగురూ ఒకే పద్ధతికి కట్టుబడండి. కాగితం పటం వెంట ఉంటే యూటీఎం అనే గళ్ళ పద్ధతి వాడటం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అందులో అంకెలు మీటర్లలోనే ఉంటాయి, పటం మీది కిలోమీటరు గళ్ళతో స్కేలు పెట్టి సరిచూసుకోవచ్చు. మన ప్రాంతం 44క్యూ అనే మండలంలో వస్తుంది. పొన్నూరు దాటి బాపట్ల వైపు వెళితే 16 డిగ్రీల రేఖ దగ్గర ఆ అక్షరం పీగా మారుతుంది, అది చూసి కంగారు పడనక్కరలేదు.

బాణం తిరగడానికి కారణం ఇంకా సులువు. జీపీఎస్‌కు తానెక్కడ ఉందో తెలుస్తుంది గాని ఎటు తిరిగి ఉందో తెలియదు. దిక్కును అది మీ నడకలో ఒకదాని తరువాత ఒకటిగా వచ్చే స్థానాలను బట్టి లెక్క కడుతుంది. మీరు ఆగిపోగానే, ఉన్నచోటనే రెండు మూడు మీటర్లు అటూ ఇటూ ఊగే స్థానాన్నే నడక అనుకుని బాణాన్ని తిప్పుతుంది. అందుచేత దిక్కు చూడాలనుకున్నప్పుడు ఒకే వైపుకు పది పదిహేను అడుగులు మామూలు వేగంతో నడిచి, నడుస్తూనే తెర చూడండి. కొన్ని రకాల్లో లోపల ఎలక్ట్రానిక్ దిక్సూచి ఉంటుంది, అవి నిలబడినా దిక్కు చూపిస్తాయి. అయితే బ్యాటరీలు మార్చిన ప్రతిసారీ దాన్ని క్యాలిబ్రేట్ చేయాలి, అంటే దిక్కు సరిగా చూపేలా సరిదిద్దాలి, అది కూడా మోటారుసైకిలుకూ ఫోనుకూ దూరంగా నిలబడి చేయాలి. ఏ రకం కొన్నా, వెంట ఒక మామూలు సూది దిక్సూచి ఉంచుకోవాలని నేను పట్టుబడతాను. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ చుట్టుపక్కలే కాబట్టి కొండ నడకకు సవరణ కూడా అక్కరలేదు.

ఇక ఆకాశం వైపు చూద్దాం. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. స్థానం, ఎత్తు రెండూ తేలాలంటే కనీసం నాలుగింటి సంకేతాలు అందాలి. ప్రతి ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 30 సెకన్లకొకసారి పంపుతుంది, మొత్తం ఉపగ్రహాల పట్టిక పూర్తిగా అందడానికి 12.5 నిమిషాలు పడుతుంది. ఫోను ఈ సమాచారాన్ని నెట్‌వర్క్ ద్వారా క్షణాల్లో తెచ్చుకుంటుంది, చేతి యంత్రం మాత్రం ఆకాశం నుంచే తీసుకోవాలి. నెలల తరబడి బీరువాలో ఉన్న యంత్రాన్ని చెట్ల కిందికి వెళ్ళాక ఆన్ చేసి, పట్టుకోవడం లేదని విసుక్కోవడం న్యాయం కాదు. ముందు రోజు సాయంత్రం డాబా మీద పావుగంట సేపు కదపకుండా పెట్టండి, మరునాడు కొండ కింద బండి ఆపిన చోట ఒకటి రెండు నిమిషాల్లోనే స్థానం చూపిస్తుంది. పట్టుకునే తీరు కూడా యాంటెన్నాను బట్టి ఉంటుంది: పైకి పొడుచుకు వచ్చిన లావాటి యాంటెన్నా ఉంటే నిలువుగా, లేకపోతే తెర ఆకాశం చూసేలా వెల్లకిలా పట్టుకోవాలి. జేబులో వేసుకుంటే సగం ఆకాశాన్ని మన ఒళ్ళే అడ్డుకుంటుంది, కాబట్టి సంచి పట్టీకి భుజం మీద తగిలించండి.

కొండపల్లి లాంటి చోట అసలు ఇబ్బంది లోయల్లో వస్తుంది. వాగు వెంట రెండు వైపులా రాతి చరియ లేచిన చోట ఉపగ్రహాలు నెత్తి మీద సన్నని ఆకాశపు పట్టీలోనే కనిపిస్తాయి. అవన్నీ ఒకే దగ్గర గుమిగూడి ఉంటే, ఎన్ని ఉన్నా స్థానం సరిగా తేలదు. పైగా చరియకు తగిలి మళ్ళి వచ్చే సంకేతం ఎక్కువ దూరం ప్రయాణించి వస్తుంది కాబట్టి యంత్రం మిమ్మల్ని ఎదురు గట్టు మీద ఉన్నట్టు చూపించవచ్చు. వేసవిలో ఆకు రాలిన అడవిలో పెద్దగా తేడా తెలియదు గాని, వానలు పడి ఆకు దట్టంగా తడిసి ఉన్నప్పుడు తెలుస్తుంది. సెట్టింగుల్లో జీపీఎస్‌తో పాటు గ్లోనాస్, గెలీలియో వంటి ఇతర దేశాల ఉపగ్రహ వ్యవస్థలు ఉంటే అన్నీ ఆన్ చేయండి, లోయలో అవి నిజంగా ఆదుకుంటాయి. జీపీఎస్ స్థానంలోని దోషాన్ని సవరించడానికి అమెరికా పద్ధతి పేరుతో వాస్ అని ఒక ఎంపిక ఉంటుంది, అది కూడా ఆన్ చేసి ఉంచండి. మన దేశంలో దాని కింద పనిచేసేది ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి విమానాల కోసం నెలకొల్పిన గగన్ వ్యవస్థ. దాని సవరణ సంకేతాలను మోసే ఉపగ్రహాల్లో జీశాట్-10 మనకు దాదాపు నేరు దక్షిణాన, 70 డిగ్రీల ఎత్తున కదలకుండా ఉంటుంది. అంత ఎత్తున ఉండటం వల్ల చాలా లోయల్లోంచి కూడా అది కనిపిస్తుంది, ఇది మన అక్షాంశం మనకిచ్చిన సౌకర్యం.

తెర మీద కనిపించే 3 మీటర్లు, 5 మీటర్లు అనే కచ్చితత్వపు అంకెను హామీగా తీసుకోకండి. అది యంత్రం తన లెక్కల మీద తానే వేసుకున్న అంచనా, చరియకు తగిలి మళ్ళిన సంకేతం సంగతి దానికి తెలియదు. ఆరుబయట ఉన్నప్పుడు నమ్మవచ్చు, లోయలో దానికి రెండు మూడు రెట్లు వేసుకోవాలి.

నడక రోజున అన్నిటికంటే ముఖ్యమైన పని బండి దగ్గర జరుగుతుంది. యంత్రం ఆన్ చేయగానే గుర్తు పెట్టకండి. మొదట ఆ కచ్చితత్వపు అంకె 15, 12 అంటూ మొదలై మెల్లగా దిగుతుంది. అది 5 లోపుకు వచ్చి, అర నిమిషం సేపు అక్కడే నిలిచాక మార్క్ నొక్కి, ఆ వేపాయింట్‌కు 001 అన్న అంకె వదిలేయకుండా బండి అని పేరు పెట్టండి, తెలుగు అక్షరాలు రాకపోతే ఆంగ్ల అక్షరాల్లోనైనా పెట్టండి. అదే స్థానాన్ని చిన్న పుస్తకంలో పెన్సిలుతో రాసి రెండో మనిషి జేబులో ఉంచండి. తరువాత పాత ట్రాక్‌ను చెరిపి, కొత్తగా నమోదు మొదలైందో లేదో చూసుకోండి. ట్రాక్ అంటే మీరు నడిచిన దారి వెంట యంత్రం దానంతట అది వదిలే చుక్కల వరుస. ఇది ఒక్కటి సరిగా నమోదైతే చాలు, చీకటి పడినా, తెలియని అడవైనా, వచ్చిన దారినే తిరిగి దిగవచ్చు.

గోటూ అనే సదుపాయానికీ ట్రాక్‌కూ ఉన్న తేడాను నలుగురూ ముందే అర్థం చేసుకోవాలి. గోటూ నొక్కితే యంత్రం గీత గీసినట్టు నేరుగా బండి వైపు బాణం చూపి, 900 మీటర్లు అంటుంది. ఆ గీతకు అడ్డంగా ముప్పై అడుగుల చరియ ఉందా, నీళ్ళున్న వాగు ఉందా అన్నది దానికి పట్టదు. అలసిపోయిన సాయంత్రం 900 అన్న అంకె ఊరిస్తుంది, మెలికలు తిరిగే రెండున్నర కిలోమీటర్ల పాత దారి దండగ అనిపిస్తుంది. అప్పుడే చాలామంది బాణం వెంట వాగులోకి దిగి, ఎక్కలేక చిక్కుకుంటారు. తిరుగు ప్రయాణంలో ట్రాక్ వెంటే నడవండి, దారి తెలిసిన నేల మీద తప్ప గోటూ వాడకండి. ఆ కొండల్లో పశువులూ కట్టెలవాళ్ళూ తొక్కిన బాటలు ఎన్నో చోట్ల రెండుగా చీలి, ఒకటి వంద గజాల్లో మాయమైపోతుంది. వెళ్ళేటప్పుడే అలాంటి ప్రతి చీలిక దగ్గర ఒక గుర్తు పెట్టి, వెనక్కి తిరిగి ఆ చోటు దిగేవాళ్ళకు ఎలా కనిపిస్తుందో ఒక్కసారి చూసుకోండి. అటవీ శాఖ అనుమతి లేకుండా రిజర్వు అడవిలోకి పోకూడదని మీకు తెలిసే ఉంటుంది.

ఎత్తు విషయంలో ఫోనుకూ చేతి యంత్రానికీ పొంతన లేదని ఆశ్చర్యపోవద్దు. డబ్ల్యూజీఎస్ 84 లెక్కలోని భూతలం మన ప్రాంతంలో అసలు సముద్ర మట్టానికి 70 మీటర్లకు పైగా ఎగువన పడుతుంది. ఆ సవరణ చేయని కొన్ని ఫోను యాప్‌లు బెజవాడలో కృష్ణ ఒడ్డున నిలబడితే ఎత్తు మైనస్ యాభై, అరవై అని చూపిస్తాయి. చేతి యంత్రాలు ఈ సవరణను లోపలే చేసుకుంటాయి. మీ దానిలో గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చెప్పే బారోమీటరు ఉంటే ఇంకొకటి గమనించాలి. పీడనం ఒక మిల్లీబారు మారితే ఎత్తు ఎనిమిది మీటర్లకు పైగా మారినట్టు లెక్క వస్తుంది. మనలాంటి ఉష్ణ ప్రాంతంలో ఏ తుపానూ లేని రోజున కూడా ఉదయం పది గంటలకూ సాయంత్రం నాలుగు గంటలకూ మధ్య పీడనం మూడు నాలుగు మిల్లీబార్లు తగ్గుతుంది, అంటే మీరు కదలకుండా కూర్చున్నా యంత్రం పాతిక ముప్పై మీటర్లు ఎక్కినట్టు చూపుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉన్న రోజున తేడా ఇంకా పెరుగుతుంది. ఎత్తు తెలిసిన చోట, ఉదాహరణకు పటంలో ఎత్తు రాసి ఉన్న శిఖరం మీద, దాన్ని సరిచేసుకుంటూ ఉండాలి.

ఫోను చాలదా అన్న మాటకు వస్తే, ఫోనులోని జీపీఎస్ కూడా నెట్‌వర్క్ లేకుండా పనిచేస్తుంది, పటం ముందే దింపుకుంటే దారి చూపిస్తుంది, స్థానం చెప్పడంలో ఆరుబయట పెద్ద తేడా ఉండదు. నేను చేతి యంత్రాన్ని సమర్థించేది వేరే కారణాలకు. బెజవాడ ఎండ 45 డిగ్రీలు తాకే రోజుల్లో, కాగిన బండరాయి పక్కన, ఫోను వేడెక్కి తెర మసకబారి చివరికి దానంతట అది ఆగిపోతుంది. చేతి యంత్రం తెర ఎండ పడేకొద్దీ ఇంకా స్పష్టంగా కనిపించే రకం. చెమట చేతులతో బొత్తాలు నొక్కవచ్చు, వాగులో పడినా తీసి తుడుచుకోవచ్చు. పెన్సిల్ సెల్స్‌తో నడిచే మామూలు రకాలు 16 నుంచి 25 గంటలు వస్తాయి, అయిపోతే ఇంకో జత వేసుకోవచ్చు. ఆల్కలైన్ సెల్స్ గాని, చార్జింగ్ నిలుపుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ గాని వేసి, ఏవి వేశారో సెట్టింగుల్లో చెప్పండి, లేకపోతే బ్యాటరీ గుర్తు తప్పు చూపిస్తుంది. కిరాణా కొట్లో దొరికే చవక రకం సెల్స్ గోడ గడియారానికి సరే గాని దీనికి పనికిరావు. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి సంచిలో భద్రంగా ఉంచుకోండి, అవసరమైనప్పుడు మనుషులను పిలవడానికి పనికొచ్చేది అదే.

మీ మిత్రులలో ఎవరైనా విదేశాల నుంచి ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే రకం తెప్పించుకుంటే దాన్ని వెంట తేవద్దని చెప్పండి. సంకేతాలను అందుకోవడం మాత్రమే చేసే రిసీవర్‌తో ఇబ్బంది లేదు. ఉపగ్రహానికి సందేశం పంపే పరికరాలను కేంద్ర టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలో వాడటం నేరం, తెలియక తెచ్చిన విదేశీ యాత్రికులు కూడా విమానాశ్రయాల్లో అరెస్టయ్యారు.

చివరగా మీ నాన్నగారి ప్రశ్న. పొలం చుట్టూ నడిస్తే ఏరియా క్యాలిక్యులేషన్ అనే పేజీ విస్తీర్ణం చెబుతుంది, మందు ఎంత కలపాలో, మొక్క ఎంత కావాలో అంచనాకు అది చాలు. హద్దుల విషయంలో మాత్రం వాడవద్దని మర్యాదగా చెప్పండి. చదరంగా ఉన్న ఎకరం చేను ఒక్కో వైపు 63.6 మీటర్లు ఉంటుంది. యంత్రం ప్రతి వైపునూ మూడు మీటర్లు ఎక్కువ చూపితే విస్తీర్ణం తొమ్మిది సెంట్లకు పైగా పెరిగిపోతుంది, మూడు మీటర్ల తేడా ఈ యంత్రాలకు మామూలే. గట్టు తగాదా ఉన్న చోట సెంటీమీటర్లలో కొలిచే పరికరంతో లైసెన్సు ఉన్న సర్వేయరు వచ్చి కొలవాలి.